పావడా కట్టిన పంతులమ్మ

కాకినాడలో 1923 డిసెంబరులో జరిగిన కాంగ్రెసు మహాసభ మాట ఎత్తితే చాలు, ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసిన పిల్ల సంగతి చెప్పుకుంటారు. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొనిచ్చాకే ఆ పిల్ల దారి వదిలింది. ఆమే దుర్గాబాయి. అప్పటికి పద్నాలుగేళ్లు.

గేటు కథ అందరికీ తెలుసు. అసలు ఆ పిల్ల అక్కడికి ఎలా చేరిందో తెలిసినవారు తక్కువ. అప్పటికే ఆమె ఈ ఊళ్లో బడి నడుపుతున్న పంతులమ్మ.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. పెళ్లయిన పిల్లకు చదువెందుకన్నదే లోకం తీరు. తీరా గాంధీగారి పిలుపు వచ్చేసరికి దుర్గాబాయి తానే ఇంగ్లీషు బడి మానేశారు. ఇది దేశభక్తే గానీ, ఆడపిల్ల చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ వదులుకోవడం కూడా. దాని ఖరీదు తర్వాత పదేళ్లకు గాని తెలియలేదు.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఊళ్లోని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని దుర్గాబాయి పట్టుదల. వారిని సభలకు పిలిచేవారు లేరు. అయిదువేల రూపాయల నిధి ఇస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు పెద్దలు. అంత సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందిలే అని వారి ధీమా కాబోలు. దేవదాసీలు తమలో తాము పోగుచేసి ఆ సొమ్ము తెచ్చారు. కొద్ది నిమిషాలని వచ్చిన గాంధీగారు అరగంట పైగా మాట్లాడారు. స్త్రీలు గాజులూ గొలుసులూ తీసి ఆయన ముందు పెట్టారు. అదంతా నడిపించిన దుర్గాబాయికి అప్పుడు పన్నెండో ఏడు.

బాలికా హిందీ పాఠశాల ఆ రోజుల్లోనే పుట్టింది. తాను నేర్చుకున్న హిందీని ఆడపిల్లలకూ, ఇల్లాండ్రకూ నేర్పడం దాని పని. సర్టిఫికెట్ల బడి కాదు, సర్కారు గ్రాంటు లేదు. వయసు మీరిందని బడి చేర్చుకోని వారికి, పెళ్లయిందని ఇల్లు పంపని వారికి అక్కడ చోటు దొరికింది. తల్లి కృష్ణవేణమ్మ కూడా హిందీ నేర్చి పాఠాలు చెప్పారు. తనకంటే వయసులో రెట్టింపు ఉన్నవారిని కూర్చోబెట్టి పావడా కట్టుకున్న పిల్ల పాఠం చెప్పడం చూసి, వచ్చిన పెద్దలు ఆశ్చర్యపోయేవారు. మహాసభకు ఉత్తరాది నుంచి వచ్చే ప్రతినిధులతో మాట్లాడగల స్వచ్ఛంద సేవికలు కావలసి వచ్చినప్పుడు ఈ బడి పనికొచ్చింది. హిందీ ప్రచారానికి గాంధీగారు ఆమెకు బంగారు పతకం ఇచ్చారు.

పదిహేనేళ్లు వచ్చేసరికి దుర్గాబాయి భర్తతో కలిసి ఉండలేనని చెప్పి వేరయ్యారు. ఆయనను మళ్లీ పెళ్లి చేసుకోమన్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన పోయినప్పుడు ఆ రెండో భార్యకు ఆసరా ఇచ్చింది దుర్గాబాయే.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం, తర్వాత జైళ్లు. మధురలో ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం పాడయింది. జైల్లో హత్యానేరాలపై శిక్ష పడిన ఆడవారిని చూశారు. అక్షరం ముక్క రాక, తమ తరఫున చెప్పుకోలేక చిక్కుకున్నవారు వారిలో ఉన్నారు. లాయరు కావాలనే తలంపు అక్కడ కలిగింది. కాని చదువు ఏనాడో మానేశారు కదా. ఊరిపిల్లలకు పంతులమ్మ అయిన మనిషికి మెట్రిక్యులేషన్ కూడా లేదు.

ఇరవై దాటాక పుస్తకాలు పట్టారు. బెనారస్‌లో మెట్రిక్, ఆ తర్వాత ఇంటర్మీడియట్. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళితే స్త్రీలకు హాస్టలు లేదన్నారు. చదవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి హాస్టలు తానే పెట్టారు. రాజనీతి శాస్త్రంలో ఆనర్సు చేశారు. 1942లో మద్రాసులో లా పట్టా.

మధ్యలో మద్రాసులో చుట్టుపక్కల ఆడపిల్లలను చేర్చి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అనే చిన్న సంఘం పెట్టారు. బడి అయ్యాక ఆటపాటలు, హిందీ, నాటకాలు. అదే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. బడి మధ్యలో ఆగిపోయిన ఆడవారిని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం దాని తొలి పనుల్లో ఒకటి. తాను పడిన యాతన ఏమిటో తెలుసు గనుక పాఠం ఎక్కడ కష్టమో ఆమెకు తెలుసు.

1946లో రాజ్యాంగ సభ. రాజ్యసభ సభ్యత్వానికి ముప్పై అయిదేళ్లు అక్కరలేదు, ముప్పై చాలని సవరణ తెచ్చి నెగ్గించుకున్నారు. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే ఏడాది ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ బోర్డు 1958లో పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. వితంతువులు, భర్త వదిలేసినవారు, పేదరికం వల్ల బడి మానినవారు అందులో చేరి కొద్దికాలంలోనే పరీక్షకు కూర్చునేవారు. ప్యాసైనవారు గ్రామసేవికలుగా, నర్సులుగా, టీచర్లుగా కొలువులకు వెళ్లారు. ఇంటి గడప దాటని ఆడవారికి నెలనెలా జీతం అందడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.