ఊపిరిని కొలిచిన హాల్డేన్

ప్రాణమన్న మాటకు మనవారు ఊపిరి అనే అర్థమే పెట్టుకున్నారు. జీవుడు పోయినాడనటానికి ఊపిరి ఆగినదంటాము; కష్టం గట్టెక్కినదనటానికి ఊపిరి పీల్చుకున్నామంటాము. ఇంత చనువుగా వాడుకునే ఈ ఊపిరిని గడియారం ముందు నిలిపి లెక్కించి, అది ఎప్పుడు నిజం చెబుతుందో, ఎప్పుడు మోసగిస్తుందో తన శరీరం మీదనే పరీక్షించి చూచిన శాస్త్రజ్ఞుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. పుట్టుకచేత స్కాట్లండు వంశీకుడైన ఈ మహనీయుడు భారత పౌరుడుగా కన్నుమూశారు. ఆయన దేహం మన కాకినాడకు చేరినది.

హాల్డేన్ పేరు వినగానే చదువరులకు జన్యుశాస్త్రం జ్ఞప్తికి రావటం సహజం. ప్రకృతివరణానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. తక్కిన ఇద్దరు ఫిషర్, రైట్ పండితులు. కాని ఆ కీర్తి వెలుగులో ఆయన చేసిన మరొక సేవ మరుగున పడినది. హైదరాబాదు నుండి బొంబాయి బాటన పడమరగా సాగితే పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి వస్తాయి. ఉత్తరాన బొల్లారం, గడ్డపోతారం ఉన్నాయి. 1970 దశకం నుండి ఈ నేల మీద మందుల కర్మాగారాలు, రసాయనాల కర్మాగారాలు వరుసగా వెలిశాయి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన ప్రేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొన్నది. ఇటువంటి చోట పొగలోకి, విషవాయువులోకి ప్రవేశించే అగ్నిమాపక భటుడు వీపున సిలిండరు, ముఖాన మాస్కు ధరిస్తాడు. దానిని వాడుకలో బి.ఏ. సెట్టు అంటారు. ఆ సెట్టు ఎందుకు కావాలో, ఎంతసేపు కాపాడుతుందో తెలిపే శాస్త్రాన్ని హాల్డేన్ తండ్రీకొడుకులు తమ ప్రాణాలు ఒడ్డి సంపాదించారు.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించటంలో ఆ కాలానికి అగ్రగణ్యుడు. 1896లో వేల్స్ దేశంలోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 57 మంది మరణించగా, తండ్రి హాల్డేన్ ఆ దుర్ఘటనను పరిశీలించారు. చనిపోయినవారిలో అత్యధికులు మంటవలననో దెబ్బవలననో మరణించలేదనీ, ప్రేలుడు తరువాత మిగిలిన కార్బన్ మోనాక్సైడును పీల్చి మరణించారనీ ఆయన తేల్చారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మనిషికంటె ముందుగా దానికి లొంగిపోయే చిన్న ప్రాణులను గనిలోకి వెంట తీసుకుపొమ్మని సలహా యిచ్చినవారు కూడా ఆయనే. బ్రిటిషు గనులలో కేనరీ పిట్టల పంజరాలు 1986 వరకు వాడుకలో ఉండటానికి మూలమిదే.

ఇటువంటి తండ్రికి పుట్టిన బిడ్డకు బడి వేరుగా అక్కరలేకపోయినది. బాలుడు ఇంకా చిన్నవాడుగా ఉండగానే తండ్రి అతనిని ఒక గనిలోకి తీసుకుపోయి, పైకప్పు దగ్గర మండువాయువు నిండిన చోట నిలబెట్టి, షేక్స్‌పియరు నాటకంలోని ఆంటొనీ ప్రసంగాన్ని వల్లించమన్నాడు. కొన్ని పంక్తులు చెప్పేసరికి బాలునికి రొప్పు వచ్చినది. కాళ్లు తేలిపోయి నేల మీద పడ్డాడు. నేల దగ్గర గాలి మంచిది కనుక వెంటనే తేరుకున్నాడు. మండువాయువు గాలికంటె తేలిక, అది పైన చేరుతుంది అనే పాఠం ఆ బాలునికి ఆ విధంగా వంటబట్టినది. 13 ఏళ్ల వయసులో తండ్రి సముద్ర పరిశోధనలలో తోడు వెళ్లి, తన ఒంటికి వదులైన ఈతదుస్తులో నీటి అడుగుకు దిగాడు. దుస్తులోకి నీరు ఎక్కుతున్నా బెదరక పని ముగించి పైకి వచ్చాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో హాల్డేన్ బ్లాక్ వాచ్ అనే స్కాటిషు పటాలంలో అధికారిగా చేరారు. 1915 ఏప్రిల్ 22న ఈప్రే రణరంగంలో జర్మను సైన్యం క్లోరిన్ వాయువును విడిచినది. ప్రభుత్వం తండ్రి హాల్డేన్‌ను హుటాహుటిగా ఫ్రాన్సుకు పంపినది. ఆయన ముందువరుసలో ఉన్న తన కుమారుని పరిశోధనకై పిలిపించుకున్నారు. అద్దాలు బిగించిన చిన్న గదిలో క్లోరిన్ నింపి, తండ్రీకొడుకులు, మరి కొందరు వంతులవారీగా అందులోకి పోయి, మాస్కుతో ఎంతసేపు ఉండగలరో, మాస్కు లేక ఎంతసేపు ఉండగలరో పరీక్షించారు. ఊరక కూర్చుని ఉన్నవానికీ, ఒళ్లు వంచి పనిచేసేవానికీ ఫలితం ఒకటి కాదని అక్కడ తేలినది. పనిచేసేవాడు ఎక్కువ గాలిని లోనికి లాగుతాడు, ఎక్కువ విషాన్నీ లాగుతాడు. ఆ పరీక్షలు ముగించి రణరంగానికి తిరిగిపోయేనాటికి యువ హాల్డేన్ పరుగెత్తలేనంతగా ఊపిరి చెడి ఉన్నది. ఆ స్థితిలోనే గాయపడ్డారు. తరువాత మెసపటేమియాలో మరల గాయపడి, విశ్రాంతికై భారతదేశం చేరారు. ఈ దేశంతో ఆయనకు కలిగిన తొలి పరిచయం అది.

యుద్ధం ముగిసిన పిమ్మట ఆక్స్‌ఫర్డులోను, 1923 నుండి కేంబ్రిడ్జిలోను ఆయన శరీర రసాయనాన్ని పరిశోధించారు. రక్తంలో పులుపు హెచ్చితే ఊపిరి ఏమవుతుందో తెలుసుకొనటానికి అమ్మోనియం క్లోరైడు ద్రావణం త్రాగి దినాల తరబడి రొప్పారు. క్షారం హెచ్చితే ఏమవుతుందో చూడటానికి సోడా మింగారు. కుందేలుకు మందిచ్చి చూడవచ్చును గదా అని పాఠకులకు తోచవచ్చు. కాని కుందేలు తనకు తల తిరుగుతున్నదని చెప్పలేదు, హాల్డేన్ చెప్పగలరు.

ఈ పరిశోధనల సారాన్ని ఇక్కడ కొంచెం నిలిచి గ్రహించాలి. మనకు ఊపిరాడటం లేదన్న బాధను కలిగించేది ప్రాణవాయువు తగ్గటం కాదు, బొగ్గుపులుసు వాయువు హెచ్చటం. 1905లో తండ్రి హాల్డేన్, ఆయన సహచరుడు ప్రీస్ట్లీ ఈ సత్యాన్ని నిరూపించారు. పీల్చే గాలిలో బొగ్గుపులుసు వాయువు 3 శాతానికి పెరిగితే ఊపిరి సుమారు రెట్టింపవుతుంది. శరీరం గగ్గోలు పెడుతుంది. ప్రాణవాయువు తగ్గిపోతే ఆ గగ్గోలు దాదాపుగా ఉండదు. మనిషి కులాసాగానే ఉన్నాననుకుంటూ కూలిపోతాడు. దేవుడిచ్చిన గంట ఒక దొంగకే మ్రోగుతుంది. రెండవ దొంగ నిశ్శబ్దంగా ఇల్లు దోచుకుపోతాడు.

మందుల కర్మాగారాలలో ఈ రెండవ దొంగ నిత్యం కాపురముంటాడు. మండే ద్రావకాలు అంటుకోకుండా ఉండటానికి రియాక్టర్లలోను, తొట్టెలలోను నత్రజనిని నింపుతారు. నత్రజని విషం కాదు. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు అదే. కాని తొట్టె నిండా అదే ఉన్నపుడు లోపలికి వంగిన మనిషికి ఉక్కిరిబిక్కిరి కాదు, దగ్గు రాదు. రెండు మూడు శ్వాసలలో స్పృహ తప్పుతుంది. మురుగునీటి సంపులలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు ఇంకొక రీతిగా వంచిస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది; ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. వాసన పోయినది కనుక ప్రమాదం పోయినదనుకుని దిగినవాడు తిరిగి రాడు. అతనిని పైకి లాగబోయి అన్న, అన్నను లాగబోయి తోటి కూలీ దిగి, ఒక చావు మూడు చావులైన వార్తలు మన పత్రికలకు కొత్త కావు. ఇట్టి చోట్ల ముక్కుకు కట్టుకునే వడపోత మాస్కు పనికిరాదు. అది ఉన్న గాలిని వడకట్టగలదు గాని, లేని ప్రాణవాయువును పుట్టించలేదు. తన గాలిని తనతో మోసుకుపోయే సెట్టు ఒక్కటే శరణ్యం.

హాల్డేన్ జీవితంలో ఈ విద్యకు పెద్ద పరీక్ష 1939లో వచ్చినది. ఆ సంవత్సరం జూన్ 1న థీటిస్ అనే బ్రిటిషు జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతంలో మునిగినది. అందులోని 103 మందిలో నలుగురు మాత్రమే బయటపడ్డారు. మృతులలో నౌకానిర్మాణ కార్మికులు కూడా ఉన్నారు. వారి సంఘాల కోరికపై హాల్డేన్ ఈ మరణాల కారణాన్ని వెదకటానికి పూనుకున్నారు. లండనులో శ్వాసపరికరాలను తయారుచేసే సీబ్ గోర్మన్ కంపెనీవారి ఉక్కు గదిలో, స్పెయిను అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురు స్వచ్ఛంద సైనికులతో కలిసి ఆయన సుమారు 14 గంటలు కూర్చున్నారు. గాలి మారలేదు, తాము విడిచిన ఊపిరినే తాము మరల పీల్చుకున్నారు. తలనొప్పి, రొప్పు, వికారం ఏ గంటలో ఎంత పెరిగినదో గుర్తించారు. చెడుగాలిలో బుద్ధి మందగించి, చేతికి అందిన రక్షణపరికరాన్ని సయితం సరిగా వాడలేని స్థితి ఎట్లా వస్తుందో ఈ విధంగా తేటపడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళం తరఫున ఆయన ఈ పరీక్షలను ఇంకా ముందుకు నడిపారు. ఒత్తిడిలో శుద్ధ ప్రాణవాయువును పీల్చగా మూర్ఛలు వచ్చాయి; ఒక మూర్ఛలో వెన్నుపూస నలిగి, ఆ నొప్పి శాశ్వతంగా నిలిచిపోయినది. చెవిగూబలకు చిల్లులు పడ్డాయి. ప్రాణవాయువే అయినా మితం తప్పితే విషమేనని ఈ బాధలు చాటాయి.

ఈ కొలతలనే నేటి బి.ఏ. సెట్టుకు అన్వయించి చూస్తాము. సామాన్యంగా వాడే సిలిండరు 6.8 లీటర్లది, అందులో 300 బార్ల ఒత్తిడిని గాలి నింపుతారు. గుణిస్తే 2040 లీటర్లు. నిమిషానికి 40 లీటర్లు పీల్చే మనిషికి అది 51 నిమిషాలు. కాని మెట్లెక్కుతూ, గొట్టం లాగుతూ, స్పృహ తప్పినవానిని మోస్తున్న భటుడు నిమిషానికి 80 లీటర్లు పీలుస్తాడు. అతనికి ఆ గాలి 25 నిమిషాలే. ఒత్తిడి సుమారు 55 బార్లకు దిగినపుడు ఈల మ్రోగుతుంది. అప్పటికి మిగిలినది 374 లీటర్లు; కష్టపడేవానికి అయిదు నిమిషాలైనా రాదు. ఈల విని వెనుదిరుగుదామనుకున్నవాడు ఆలస్యం చేసినవాడే. ఈల మ్రోగే వేళకు గుమ్మం దాటి ఉండాలి. సిలిండరు మీద వ్రాసిన నిమిషాలు ఇనుముకు చెందినవి. నిజమైన నిమిషాలు మోసేవాని రొమ్ములో ఉన్నాయి. క్లోరిన్ గదిలో హాల్డేన్ నేర్చిన పాఠమిదే.

సెట్టును కాపాడుకొనటం కూడా ఊపిరి విద్యలో భాగమే. వాడిన ప్రతిసారి మాస్కును కడిగి, శుద్ధి చేసి, నీడన ఆరబెట్టాలి. ఎండకు రబ్బరు చిట్లుతుంది. లోన చెమట ఎండితే ఊపిరి విడిచే కవాటం అంటుకుపోతుంది. సిలిండరు తెరిచి, మరల మూసి, ఒక నిమిషం పాటు ముల్లు కదలకుండా నిలిచినదో లేదో చూడాలి; కదిలితే ఎక్కడో గాలి కారుతున్నట్లు. పిదప గాలిని మెల్లగా విడిచి ఈల పలుకుతున్నదో లేదో వినాలి. పెరిగిన గడ్డం మీద మాస్కు అతకదు. గాలి నింపే కంప్రెసరు దగ్గర ఏ లారీ ఇంజనో ఆడుతుంటే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు సిలిండరులోకే చేరుతుంది. తండ్రి హాల్డేన్ గనిలో పట్టుకున్న హంతకుడు భటుని వీపునెక్కి కూర్చుంటాడు. సిలిండరుకు గడువు ప్రకారం నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. లోపలికి ఒంటరిగా పోరాదు. ఎవరు ఎంత ఒత్తిడితో ఏ వేళకు ప్రవేశించారో వెలుపల ఒకరు పలక మీద వ్రాస్తూ ఉండాలి. గోడకు తగిలించి దుమ్ము పట్టిన సెట్టు, లేని సెట్టుకంటె ప్రమాదకరం. లేనివాడు ఆగుతాడు, ఉన్నదనుకున్నవాడు దూకుతాడు.

సూయజ్ దండయాత్రను గర్హించి, తన దేశాన్ని విడిచి హాల్డేన్ 1957లో కలకత్తా చేరారు. మహలనోబీస్ నెలకొల్పిన గణాంకశాస్త్ర సంస్థలో పనిచేశారు. మన దుస్తులు ధరించారు, భారత పౌరసత్వం స్వీకరించారు. ఆయన వద్ద శిష్యరికం చేసినవారిలో పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. తదుపరి కాలంలో గురువు జీవితాన్ని, కృషిని లోకానికి గ్రంథరూపంలో అందించారు. 1962లో హాల్డేన్ భువనేశ్వరం వెళ్లి పరిశోధనాలయాన్ని నడిపారు. అక్కడనే 1964 డిసెంబరు 1న కేన్సరు వ్యాధితో మరణించారు. తన దేహాన్ని విద్యార్థుల అధ్యయనానికి ఇయ్యవలసినదిగా ఆయన ముందే వ్రాసి పెట్టారు. ఆ ప్రకారం అది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరినది.

బ్రతికినంత కాలం శరీరాన్ని పరిశోధనకు ఒప్పగించిన మనిషికి ఈ ముగింపు వింత కాదు. తాను ఉక్కిరిబిక్కిరి అయి నేర్చిన విషయాలను మరొకడు ఉక్కిరిబిక్కిరి కాకుండా తెలుసుకోవాలన్నదే ఆ జీవితపు ఆశయమనిపిస్తుంది. పటాన్‌చెరులో ఒక సంపు అంచున నిలబడిన కార్మికుడు, దిగటానికి ముందు గాలిని యంత్రంతో కొలిపించి, చాలకపోతే సెట్టు తెప్పించి, అది సిద్ధంగా లేకపోతే దిగనని నిలిచినపుడు ఆయన పడిన శ్రమ ఫలిస్తుంది. ఆ కార్మికుని మాట మన్నించవలసిన బాధ్యత మాత్రం పైన నిలిచినవారిది.