సవరభాషకు నిఘంటువు కూర్చిన పంతులుగారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వాడుకభాషోద్యమానికి నాయకులని తెలుగువారందరూ ఎరుగుదురు. అరకు లోయ మీదుగా ఈశాన్యానికి సాగే తూర్పు కనుమలలో, సవరల భాషకు ఆయన చేసిన సేవ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నిత్యాభ్యాసం ఎంతటి కార్యాన్ని సాధించగలదో ఆ సేవ మనకు తెలియజేస్తుంది.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధార తీరంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1875లో తండ్రి వీర్రాజుగారు గతించారు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి చదువుకుని, 1879లో మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణులయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే స్వయంకృషితో చదివి, 1896 నాటికి బి.ఏ. పూర్తిచేశారు. చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, ముఖలింగేశ్వరుని ఆలయ శాసనాలను చదవడం తమంతట తామే నేర్చుకున్నారు. తెలియని విషయాన్ని కొద్దికొద్దిగా స్వాధీనం చేసుకోవడం ఆయనకు అలవాటు.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసించేవారు. వారి భాషలో అప్పటికి పాఠ్యపుస్తకం లేదు; నేర్చుకోదలచినవారికి వ్యాకరణమూ లేదు. ఆ బిడ్డలకు వారి మాటలలోనే చదువు చెప్పాలని పంతులుగారు సంకల్పించారు. అందుకు ముందుగా తామే విద్యార్థి కావలసి వచ్చింది. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట ఉంచుకుని, ఒక్కొక్క మాటే నేర్చుకున్నారు. కొండలలో తిరిగి మాటలు సేకరించారు. సవరభాషలో పుస్తకాలు వ్రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా స్వీకరించక, ఆ ధనంతో సవరలకు బడి పెట్టించమని కోరారు.

ఈ దీక్షకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. కొండలలో తిరుగుతుండగా మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వలన వినికిడి దెబ్బతిన్నది. మాటల ధ్వనులను పరిశీలించేవారికి చెవియే ప్రధాన సాధనం. ఆ సాధనమే సన్నగిల్లినా పంతులుగారు పని విడువలేదు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత వాడుకభాష కొరకు సభలలో వాదిస్తూనే, సవరభాషా కృషిని కొనసాగించారు. 1931లో ఇంగ్లీషులో రచించిన సవరభాషా వ్యాకరణం వెలువడింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటితమయ్యేనాటికి ఆయనకు డెబ్బది అయిదేండ్లు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు.

నిఘంటువు ఒక్కనాటి ఉత్సాహంతో తయారయ్యే గ్రంథం కాదు. ఈనాడు విన్న మాటను ఈనాడే వ్రాసుకోవాలి, రేపు సరిచూసుకోవాలి. ఇది అసామాన్య ప్రతిభ ఉంటేనే సాధ్యమయ్యే పని కాదు. శ్రద్ధగల ఏ గృహస్థుడైనా, ఏ విద్యార్థి అయినా ఆచరించదగినదే. కష్టమల్లా మానకుండా చేయడంలోనే ఉన్నది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనే మనం, ఆనాడు మన పిల్లలకు పంతులుగారి ఉపన్యాసాలతోపాటు ఆయన దినచర్యను గురించి కూడా చెప్పడం మంచిది.