పెస్టలాజీయు ఆకలి పాఠమును

జోహాన్ హైన్రిచ్ పెస్టలాజీ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయెను. పల్లెలో మతగురువుగా నుండిన తాతగారి వెంట బీదల యిండ్లకు బోయి వారి దైన్యమును జూచెను. 1774లో నాయ్‌హోఫ్ అను తన క్షేత్రమున బీదపిల్లలను జేర్చుకొని పనితోపాటు చదువు నేర్పెను; ధనాభావముచే నది 1780లో మూతపడెను.

1798 సెప్టెంబరులో ఫ్రెంచిసేనలు స్టాన్స్ ప్రాంతమును ధ్వంసము చేసెను. మఱుసటి జనవరిలో నచ్చట నెలకొల్పబడిన శరణాలయమున సుమారు 80 మంది పిల్లలకు ఆయనయే తండ్రియు గురువును నయ్యెను.

ఏప్రిలులో ఆల్ట్‌డార్ఫ్ పట్టణము అగ్నికి ఆహుతియయ్యెను. పెస్టలాజీ పిల్లలను జుట్టును జేర్చుకొని, నిలువ నీడలేని యచ్చటి బిడ్డలలో ఇరువదిమందిని దెచ్చుకొందమా యని యడిగెను. వారు సంతోషముతో నొప్పుకొనిరి. అంతట నాయన, ధనము చాలదనియు, కూడు తగ్గుననియు, పని హెచ్చుననియు, బట్టలు పంచుకొనవలసివచ్చుననియు విడమఱచి చెప్పి మరల నడిగెను. మొన్నమొన్నటివఱకు తామే యాకలిచే నలమటించిన యా పిల్లలు, అయినను వారు రావలసినదే యనిరి.

జూన్ నెలలో ఆ భవనము సైనికుల వైద్యశాలకు గావలసివచ్చి, శరణాలయము మూతపడెను. 1827 ఫిబ్రవరి 17న పెస్టలాజీ దివంగతుడయ్యెను.

పేదఱికమునుగూర్చి నేర్పునపుడు మనము పిల్లల చేతికి చందాపుస్తకము నిత్తుము. ఆయన తీర్పునే వారి చేతి కిచ్చెను. మన వసతిగృహపు భోజనశాలలో నేడా ప్రశ్న వేసినచో మనమేమందుమో చదువరులు కలిసి యాలోచింతురుగాక యని మా కోరిక.