హెర్బ్ కార్నెగీకి అడ్డమొచ్చింది ఆట కాదు, తోలు రంగు

ఐస్ హాకీ మన దిక్కు ఆడెటోళ్లు కనవడరు. గడ్డగట్టిన మంచు మీద, అడుగున ఇనుప అంచున్న బూట్లేసుకొని, కర్రతోని రబ్బరు బిళ్లను గోల్లకు కొట్టుడు. కెనడాల ఆ ఆటంటే పానం. దాంట్ల పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్. దాని కింద పైసలిచ్చి ఆడిపిచ్చే చిన్న లీగులు శాన ఉండేటియి. హెర్బ్ కార్నెగీ ఆట మొత్తం ఆ చిన్న లీగులల్లనే ఒడిసింది.

1919ల టొరంటోల పుట్టిండు. అమ్మనాయిన జమైకా నుంచి బతకొచ్చినోళ్లు, నల్లజాతోళ్లు. అన్న ఆసీతోని కుంట మీద ఆడి నేర్సుకున్నడు. కుర్రతనంలనే యంగ్ రేంజర్స్ టీంల మెరిసిండు. మేపుల్ లీఫ్స్ టీం పెద్ద కాన్ స్మైత్ ఆ ఆట సూసి, ఈ పోరన్ని తెల్లగ జేసినోనికి ఇనాం ఇస్తనన్నడని కోచ్ చెప్పిండట. కార్నెగీ బతికినన్ని దినాలు ఆ మాట యాది జేసుకున్నడు. నిజంగ అన్నడా లేదా అని ఇయ్యాల్టికీ కొట్లాడుతరు. అన్నా అనకున్నా ఆ టీం తలుపైతే తెరువలే.

బంగారు గనుల కంపెనీలకు అప్పట్ల సొంత టీంలుండేటియి. టిమిన్స్ గని టీంల అన్నదమ్ములిద్దరికి మ్యానీ మెకింటైర్ జత గలిసిండు. ముగ్గురు నల్లోళ్లు ఒక్క వరుసల దిగుతుంటే సూడనీకి జనం ఎగవడ్డరు. బ్లాక్ ఏసెస్ అని పేరు వడ్డది. తర్వాత క్యూబెక్ లీగుకు పోయిన్రు. ఆడ కార్నెగీ వరుసగ మూడేండ్లు ఉత్తమ ఆటగాడు.

1948ల న్యూయార్క్ రేంజర్స్ పిలిచిన్రు. అంతకు ముందటేడే జాకీ రాబిన్సన్ బేస్‌బాల్ పెద్ద లీగుల అడుగువెట్టిండు, కార్నెగీకీ ఆశ పుట్టింది. క్యాంపుల మంచిగనే ఆడిండు. రేంజర్స్ మాత్రం ముందుగాల కింది టీంల ఆడుమన్నరు, ఏడాదికి 2,700 డాలర్లు. కాదంటె 3,700. ఆఖరికి 4,700. క్యూబెక్‌ల అప్పటికే 5,000కు పైన సంపాయిస్తున్నడు, ఇంట్ల పెండ్లాం పిల్లలు. వద్దన్నడు.

తొందరవడ్డడని అనెటోళ్లున్నరు. నాకట్ల అనిపియ్యది. సంపాదన తగ్గించి, కింది మెట్టు మీద కూసోవెట్టి, ఎప్పుడు పైకి పిలుస్తరో చెప్పకపోతే దాన్ని అవకాశం అంటరా? ముఖం మీద కొట్టకుంట పొమ్మన్నట్టే గద!

క్యూబెక్ ఏసెస్‌ల జాన్ బెలివో పక్కపొంటి ఆడిండు. బెలివో పెద్ద లీగుకు పోయి గొప్పోడైండు. కార్నెగీ 1954ల ఆట బంద్ జేసిండు. నాలుగేండ్లకు, 1958 జనవరిల, విల్లీ ఓరీ ఎన్‌హెచ్‌ఎల్‌ల దిగిన తొలి నల్లజాతి ఆటగాడైండు.

కార్నెగీ ఇంట్ల కూసోలే. ఫ్యూచర్ ఏసెస్ పేరుతోని పోరగాండ్ల కోసం పని మొదలువెట్టిండు. గోల్ఫ్‌ల సీనియర్ ఛాంపియన్ అయిండు. ముసలితనంల కండ్లు పోయినయి. జీవితకథ రాసిండు, దాని పేరు తెలుగుల చెప్పాల్నంటే పాలబకెట్ల ఈగ. 2012ల సచ్చిపోయిండు.

పదేండ్ల తర్వాత, 2022ల, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌ల పేరెక్కిచ్చిన్రు. అదిగూడ ఆటగాని కింద కాదు, ఆటకు సేవ జేసినోళ్ల ఖాతాల.