తలనూనె అమ్మకానికి కథల పోటీ

తలనూనె వ్యాపారంలో సాహిత్యాన్ని ప్రచార సాధనంగా మలచుకున్న ఘనత హేమేంద్రమోహన్ బోస్‌ది. మైమెన్‌సింగ్ ప్రాంతానికి చెందిన ఆయన కలకత్తాలో 'కుంతలీన్' తలనూనె, 'దేల్‌ఖోష్' సుగంధం తయారుచేసేవారు.

1896లో ఆయన కుంతలీన్ పురస్కారం పేరిట కథల పోటీ ప్రారంభించారు. కథలో ఈ రెండు సరుకుల ప్రస్తావన ఉండాలి, కాని అది ప్రకటనలా తోచరాదన్నది షరతు. తొలి బహుమతి పొందినది శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ కథ. సముద్రంలో చెలరేగిన తుపానును తలనూనె శాంతింపజేయడం అందులోని ఇతివృత్తం! తెలుగువారికి చిరపరిచితుడైన శరత్‌చంద్రుడు సైతం మేనమామ వరుస బంధువు పేరుతో 'మందిర్' కథ పంపి 1903లో బహుమతి పొందారు.

ప్రచారానికి కీలకమైన ముద్రణను బోస్ ఇతరులకు వదలలేదు. సొంతంగా కుంతలీన్ ప్రెస్ నెలకొల్పారు. గ్రామఫోను రంగంలో మాత్రం భిన్నమార్గం అనుసరించారు. 1905 బెంగాల్ విభజన అనంతరం స్వదేశీ గీతాలను, రవీంద్రుని గళాన్ని మైనపు గొట్టాలపై తానే రికార్డు చేశారు. డిస్కుల తయారీకి భారీ యంత్రాగారం అవసరం కాగా, ఆ పనిని ఫ్రాన్సుకు చెందిన పాతే కంపెనీకి అప్పగించారు. విదేశీ వస్తు బహిష్కరణ ముమ్మరంగా సాగిన కాలంలో స్వదేశీ గీతాలు విదేశీ కంపెనీ చేతిలో రూపుదిద్దుకోవడం గమనార్హం.

బోస్ 1916లో మరణించారు. ఆయన గొట్టాలలో అధికభాగం నశించినా, రవీంద్రుడు ఆలపించిన వందేమాతరం పాతే డిస్కుపై నిలిచింది.