లాయరు లైల్, మూడు స్తంభాల సాక్ష్యం

సర్వేయింగ్ ల్యాబ్‌లో మనందరికీ బెంచ్ మార్క్ అంటే దేవుడితో సమానం. అది కదలదు, మిగతావన్నీ దాన్నిబట్టే. మరి ఆ నేలే కదిలితే? ఈ ప్రశ్న వెంటపడితే నాకు దొరికిన మనిషి చార్లెస్ లైల్. డార్విన్ కథలో పక్కపాత్రగా తప్ప ఈయన్ని ఎవరూ తలుచుకోరు. అది అన్యాయమని నా అభిప్రాయం.

1797లో స్కాట్లాండ్‌లో, కలిగినవాళ్ళింట్లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో బక్లాండ్ చెప్పిన జియాలజీ పాఠాలు తలకెక్కాయి. ఆ తర్వాత లా చదివి లాయరయ్యాడు గానీ, కాగితాలు చదివీ చదివీ కళ్ళు మొరాయించాయి. నెమ్మదిగా కోర్టు వదిలేసి రాళ్ళ దారి పట్టాడు.

కొండ మీద సముద్రపు గవ్వ దొరికితే, అది జలప్రళయం గుర్తేనని నమ్మేవాళ్ళు అప్పట్లో చాలామంది. లైల్‌కి మాత్రం సాక్ష్యం కావాలి. 1828లో ఇటలీ వెళ్ళాడు. నేపుల్స్ పక్కన పొజ్జువోలి తీరంలో రోమన్ల నాటి పాలరాతి స్తంభాలు మూడు నిలబడి ఉన్నాయి. ఒక్కోటి 40 అడుగుల పైమాటే. సెరాపిస్ గుడి అనేవారు, నిజానికది బజారు. కింద 12 అడుగుల దాకా నున్నగా ఉన్నాయి. ఆపైన సుమారు 9 అడుగుల మేర అన్నీ చిల్లులే. రాతిని తొలిచి అందులోనే కాపురముండే ఒక సముద్రపు ఆల్చిప్ప పని అది. ఆ జీవి ఉప్పునీళ్ళలో తప్ప బతకదు.

అంటే పొడి నేల మీద కట్టిన స్తంభాలు అంత ఎత్తున సముద్రంలో మునిగి, మళ్ళీ పైకొచ్చాయన్నమాట. కింది భాగం మట్టిలో పూడుకుపోవడంతో ఆల్చిప్పకి అందలేదు. విచిత్రమేంటంటే స్తంభాలు పడిపోలేదు! నేల అంత మెల్లగా దిగింది, లేచింది. ఆ చిల్లుల్ని అంతకుముందు చాలామంది చూశారు. లైల్ ఆ బొమ్మనే 1830లో తన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ’ మొదటి సంపుటానికి ముఖచిత్రంగా పెట్టాడు.

మన దేశపు సాక్ష్యం కూడా ఆ పుస్తకంలో ఉంది. 1819 జూన్ 16న కచ్‌లో భూకంపం వచ్చింది. సింద్రీ కోట చుట్టూ నేల కుంగి సముద్రపు నీరు ముంచెత్తింది. ఉత్తరాన మాత్రం నేల గట్టులా లేచింది. జనం దాన్ని అల్లా బంద్ అన్నారు. లైల్ ఇండియాకి ఎన్నడూ రాలేదు, అక్కడ తిరిగినవాళ్ళు రాసినవి చదివే ఇదంతా కూర్చాడు.

మొండిమనిషే. డార్విన్ స్నేహితుడై ఉండి కూడా పరిణామాన్ని ఒప్పుకోడానికి ఏళ్ళు తీసుకున్నాడు. కానీ కళ్ళతో చూస్తే మారేవాడు. స్వీడన్ తీరం పైకి లేస్తోందంటే మొదట నమ్మలేదు. 1834లో స్వయంగా వెళ్ళి, సముద్రమట్టానికి చాలా పైన గవ్వల పొరలు చూశాక ఒప్పుకున్నాడు. భార్య మేరీకి కూడా గవ్వల శాస్త్రం తెలుసు. చూపు మందగించిన ఆయనకి ఆమె పెద్ద అండ.

తీరం మునిగిందంటే నీరు లేచిందా, నేల దిగిందా? కోస్తా వరదల లెక్కలో ఈ రెండూ వేయాల్సిందే. గోదావరి, కృష్ణా డెల్టాల లాంటి ఒండ్రు నేలయితే తన బరువుకి తానే అణుగుతుంది. కరకట్ట ఎత్తు లెక్కగట్టేవాళ్ళు సముద్రాన్ని మాత్రమే చూస్తే సగం లెక్కే వేసినట్టు.

1875లో, అదే పుస్తకం 12వ ముద్రణ దిద్దుతూ ఉండగానే లైల్ పోయాడు. పొజ్జువోలి నేల మాత్రం ఆగలేదు. 1982–84 మధ్య దాదాపు 1.8 మీటర్లు లేచి, రేవులో నీళ్ళు చాలక పడవలకి కష్టమైంది.