మొదటి సాలార్‌జంగు

ధనవంతులు తమ లాభముకొఱకు చేయు పనియే తుదకు లోకమునకు మేలు చేయునని కొందఱును, సకలానర్థములకును పెట్టుబడియే మూలమని కొందఱును వాదించుచుందురు. ఈ వాదములలోని నిజమెంతయో తెలియగోరువారు మొదటి సాలార్‌జంగు జీవితమును చూడవలెనని మా యభిప్రాయము. మన నంగునూరు నాడు హైదరాబాదు రాజ్యములోనిదే గదా.

మీర్ తురాబ్ అలీఖాన్ అనునది ఈయన యసలు పేరు. 1829లో జన్మించెను. తండ్రి సోదరుడగు సిరాజుల్‌ముల్కు మరణింపగా 1853లో, 24 ఏండ్ల ప్రాయముననే దివాను పదవి నధిష్ఠించెను. అప్పటికి కొలదిదినముల ముందే బీరారు కుంఫిణీవారి వశమయ్యెను. బొక్కసము ఖాళీ; అప్పులు మిక్కుటము.

నాడు శిస్తు వసూలు గుత్తకిచ్చుచుండిరి. ఎక్కువ పాడినవానికే గుత్త. వాడు సాహుకారు నొద్ద అప్పుచేసి ముందుగా సొమ్ము చెల్లించును. మఱియొకడు హెచ్చుగ పాడినచో వాని గుత్త పోవును. మరుసటి యేటి పంట తనది కానివాడు చెఱువుకట్ట తెగినచో బాగుచేయించునా? దొరికినంత రాబట్టుకొని పోవును. పోటీ యుండెను, లాభాపేక్ష యుండెను. రైతునకు మాత్రము మేలు కలుగలేదు.

అట్లని సాలార్‌జంగు సాహుకార్లను తఱిమివేయలేదు. వారితో నొడంబడిక చేసికొని, బాకీలు క్రమముగా తీర్చుచు, తాకట్టుబడిన తాలూకాలను విడిపించెను. గుత్తదారులను తొలగించి జీతగాండ్రను నియమించెను. 1865లో జిల్లాబందీ ప్రారంభమయ్యెను. అదే సొమ్ము, అదే సాహుకారు. కట్టుబాటు మాఱగనే ఫలము మాఱెను.

అయినను ఈయన చేసినదంతయు మేలని మేము చెప్పజాలము. జాగీర్లలో పాతపద్ధతియే నిలిచెను. తొలగింపబడిన దేశ్‌ముఖులకు రుసుములు లభించెను. వారిలో పెక్కండ్రు తరువాత వేలకొలది యెకరములు కూడబెట్టి వెట్టి చేయించుకొనిరి. శిస్తు రొక్కముగా చెల్లింపవలసివచ్చినందున రైతు ఊరి షావుకారు గుమ్మమెక్కక తప్పలేదు.

1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1883 ఫిబ్రవరి 8వ తేదీన సాలార్‌జంగు కలరా సోకి మరణించెను. తరువాత రైలుమార్గమును లండనులో నేర్పడిన యొక కంపెనీ పరము చేయుట జరిగెను. నష్టమునకు వెఱవక సొమ్ము పెట్టువానికే లాభమను మాట మనము వినుచుందుము. ఇక్కడనో, వాటాదారుల వడ్డీకి నిజాము ప్రభుత్వమే పూచీ పడెను. ఆదాయము చాలని యేట ఆ లోటు పూడ్చవలసినది రైతు కట్టిన శిస్తే.